పదహారు పెట్టెల అంతోని

అంతోని గురించి ఎవరినైనా అడిగి చూడండి, మంచివాడనే చెబుతారు. వాడు పుట్టి పెరిగిన చింతాద్రిపేటలో చెబుతారు, ఇప్పుడు పెద్ద షెడ్డు వేసుకుని స్పీకరు పెట్టెలు చేస్తున్న మాధవరంలోనూ చెబుతారు. నేనూ అదే చెబుతాను. కాకపోతే వాళ్ళు నవ్వుతూ చెబుతారు, నేను పళ్ళు నూరుకుంటూ చెబుతాను.

నా పేరు జనార్దనం. మాది మైకుసెట్టు ఇల్లు. మా నాయన గోవిందస్వామి పంతొమ్మిదివందల యాభై అయిదులో ఒక యాంప్లిఫయరు, రెండు హారన్ స్పీకర్లతో అంగడి పెట్టాడు. పెళ్ళి కానీ, చెవులు కుట్టడం కానీ, ఎలక్షన్ కానీ, మా వీధి అంగాళమ్మకు ఆడి నెలలో, అంటే మన ఆషాఢం రోజుల్లో, జరిగే తిరునాళ్ళు కానీ, కట్టేది మా సెట్టే. వేరేవాడు కట్టడమన్న మాట మా పేటలో ఎవరి ఊహకూ రాలేదు. ఆ రోజుల్లో పిలిచినవాళ్ళు హారన్లు లెక్కపెట్టుకునేవారు. ఫలానా వాళ్ళ పెళ్ళికి ఆరు హారన్లు, మా పెళ్ళికి ఎనిమిది అని గొప్పలు పోయేవారు. ఎంత దూరం వినబడితే అంత ఘనత. కూవం ఏటి అవతలి గట్టుకు వినబడితే ఆ ఇంట్లో నిజంగా పెళ్ళి జరిగినట్టు.

అంగడి నా చేతికి వచ్చేసరికి మా నాయన చెవులు పోయాయి. పాతికేళ్ళకు పైగా హారన్ల కింద నిలబడ్డ మనిషికి పోక ఏమవుతాయి! పూర్తిగా చెవుడు కాదు. శబ్దం తెలుస్తుంది, మాట తెలియదు. మిషను తెచ్చి చెవిలో పెడితే చీమ పాకినట్టుందని తీసి పారేశాడు. మేడ మీద వరండాలో కుర్చీ వేసుకుని వీధి చూస్తూ కూర్చునేవాడు. తిరునాళ్ళకు నేను పది హారన్లు కట్టి, అందులో ఒకటి ప్రత్యేకంగా ఆయన కోసమని మా ఇంటి ముందరే కట్టి, పైకి వెళ్ళి "ఎట్టుండాది నైనా?" అని అరిచేవాణ్ణి. ఆయన మొహం చిట్లించి "ఒకటే రొదరా" అనేవాడు. అంతే. పదిహేనేళ్ళు అంగడి నడిపాను, ఆ మనిషి నోట ఒక్కసారి బాగుందన్న మాట రాలేదు. చెవులు ఉన్న రోజుల్లోనూ రాలేదు. లోకమంతా మెచ్చుకున్నా నాకు అక్కర్లేదు, ఆ ఒక్క నోరు మెచ్చుకుంటే చాలని ఉండేది. అప్పటికే నలభై రెండేళ్ళ మగవాణ్ణి, ఈ మాట చెప్పుకోకూడదు, అయినా చెబుతున్నాను.

ఇక అంతోని. మా అంగడికి నాలుగు ఇళ్ళ అవతల వాళ్ళ నాన్న శవపెట్టెలు చేసేవాడు. అంతోని పన్నెండేళ్ళకే ఉలి పట్టాడు. వాళ్ళ నాన్న వాడికి నేర్పింది ఒకటే: పలకకూ పలకకూ నడుమ గాలి కూడా దూరకూడదు. ఎందుకో వేరే చెప్పక్కర్లేదు. వాడు అతికిన మూలలో బ్లేడు కూడా దూరదు. ఒకసారి మా బేస్ స్పీకరు పెట్టె ఒకటి బీటలు వారితే వాడికి ఇచ్చాను. రెండు రోజుల్లో తిరిగి ఇచ్చాడు. పాత పెట్టె, పాత స్పీకరే, కానీ మోత వేరే. గుండెల్లో తగిలింది. నేను వాణ్ణి మెచ్చుకోలేదు. "ఏరా, లోపల ఎవర్నైనా పడుకోబెట్టినావా?" అని ఎగతాళి చేశాను. వాడు నవ్వి, "ఈ పెట్టె మాట్లాడతాది అన్నా, నాయన చేసేటివి మాట్లాడవు" అన్నాడు.

అప్పటి నుంచి వాడికి స్పీకర్ల పిచ్చి పట్టింది. పొద్దున శవపెట్టెలు, సాయంత్రం స్పీకరు పెట్టెలు. మౌంట్ రోడ్డు దాటి రేడియో సామాన్లు అమ్మే రిచ్చీ స్ట్రీటుకు వెళ్ళి చిరిగిపోయిన స్పీకర్లు తూకానికి తెచ్చుకుని, కాగితం గిన్నెలు కొత్తవి అతికించి బాగుచేసేవాడు. చదువు అయిదో తరగతి. తెలుగు ఇంట్లో, తమిళం వీధిలో, ఇంగ్లీషు మాత్రం బొమ్మలు చూసి అర్థం చేసుకునేవాడు.

ఆ బొమ్మ సంగతే చెప్పాలి. తొంభై అయిదులో ఒకరోజు రిచ్చీ స్ట్రీటు టీకొట్టు దగ్గర పాత పుస్తకాలవాడి గోనె మీద ఒక విదేశీ పత్రిక కనబడింది. తీసింది నేను. తెరిచింది నేను. నడిమి పేజీలో పెద్ద మైదానం, వేల జనం, స్టేజీకి రెండు పక్కలా స్పీకరు పెట్టెలు ఒకదాని కింద ఒకటి వేలాడుతున్నాయి. నిలువుగా ఒక వరస. కింది కొసన కొంచెం లోపలికి వంగి ఉంది. నేను చూసి, "తెల్లోళ్ళకు అలంకారం ఎక్కువ" అని పుస్తకాన్ని మళ్ళీ గోనె మీద పడేశాను. పక్కనే ఉన్న అంతోని తీసుకున్నాడు. టీ చల్లారిపోయినా వాడు తల ఎత్తలేదు.

"అన్నా, ఈ పెట్టెలు చూడు, ముందర వెడల్పు, ఎనక సన్నం" అన్నాడు. "అందుకే వంగతా ఉండాయి. పైనవి దూరంగా ఉండేవాళ్ళకి, కిందవి దగ్గరోళ్ళకి. సౌండు జనం తలకాయల మీదికే పోతాది. ఆకాశానికి పోదు, గోడలకి పోదు."

ఆ బొమ్మ ముందు చూసింది నేను. ఈ మాట ఇప్పటికి వెయ్యిసార్లు అనుకుని ఉంటాను. చూసింది నేను, కళ్ళున్నది వాడికి.

మరుసటి వారం వాడి ఇంటికి వెళ్తే నేల మీద అగ్గిపెట్టెలు పేర్చుకుని, నడుమ నడుమ మడిచిన కాగితం ముక్కలు పెట్టి వంపు చూసుకుంటున్నాడు. నెల తిరిగేసరికి ప్లైవుడ్డుతో నాలుగు పెట్టెలు లేచాయి. ఒక్కో పెట్టెలో ఎనిమిది అంగుళాల స్పీకర్లు రెండు, నడుమ కీచుగొంతుది ఒకటి. మొదటి ప్రయత్నం పాడయింది. పెట్టెకూ పెట్టెకూ నడుమ జానెడు సందు వదిలాడు, అందువల్ల వీధిలో ఒకచోట నిలబడితే మాట వినబడింది, రెండడుగులు జరిగితే మాయమైపోయింది. ఆ రోజు నాకు ఇంట్లో అన్నం రెండు ముద్దలు ఎక్కువ పోయింది. వాడు మాత్రం నాలుగు పెట్టెలూ విప్పేసి, కొలతలు మార్చి, ఒకదాన్నొకటి ఆనుకునేలా మళ్ళీ కోశాడు.

వాడు పరీక్ష పెట్టే పద్ధతి వేరే. కూవం గట్టున సరుగుడు కట్టెలు పాతి, పెట్టెలు వేలాడదీసి, భార్య కనకవల్లిని మైకు ముందు కూర్చోబెట్టేవాడు. ఆమె పేపరు చదవాలి. అరవకూడదు, ఇంట్లో మాట్లాడినట్టు చదవాలి. వాడు వింటూ వెనక్కి నడుస్తూ పోయేవాడు. ఎక్కడ ఒక మాట తెలియకుండా పోతే అక్కడ సుద్దతో గీత గీసి వచ్చి, పెట్టెల వంపు సరిచేసేవాడు. పేటలో వాళ్ళు వంతెన మీద నిలబడి చూసి నవ్వేవాళ్ళు. నేను మొదట నవ్వాను. గీతలు రోజురోజుకూ దూరం జరుగుతుంటే నవ్వు ఆగిపోయింది.

నా భార్య తాయారు కూరగాయలకు పోయి వచ్చి, "కనకవల్లి ఏం చక్కగా చదవతా ఉండాదండీ! వంతెన దాటినాక కూడా పక్కన కూర్చోని చెప్పినట్టే ఉండాది. బంగారం ధర ఇంకా ఎక్కిందంట" అంది.

"నా సెట్టులో ఎప్పుడైనా బంగారం ధర వినపడిందా నీకు?" అన్నాను.

"మీ సెట్టులో ఏం వినపడినా చెవులు మూసుకునేదే గదా మేము చేసేది!" అని లోపలికి వెళ్ళిపోయింది. మొగుడు కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు ఏడ్చిందంటారే, నా ఏడుపు ఆ జాతిది. అంతోని పెట్టెలు చేసుకుంటే చేసుకోనీ. నా ఇంట్లో, నా ఉప్పు తినే మనిషి వాటిని మెచ్చుకోవడం ఏమిటి?

తొంభై ఏడు ఆడి నెల దగ్గర పడేసరికి వాడి దగ్గర పదహారు పెట్టెలు తయారయ్యాయి. ఎనిమిదేసి చొప్పున రెండు వరసలు. తిరునాళ్ళ కమిటీకి పెద్ద కన్నియప్పన్. తమిళుడు, ఐసు ఫ్యాక్టరీ యజమాని, మెలితిప్పిన మీసాలు. ఒకరోజు నన్ను పిలిచి తమిళంలో మర్యాదగానే చెప్పాడు: పొద్దున అమ్మవారి పాటలకు వీధంతా నీ హారన్లే. సాయంత్రం స్టేజీ మీద పాటకచ్చేరీకి మాత్రం అంతోని పెట్టెలు. ఆ సేపు నీ హారన్లు ఆపెయ్యాలి.

ఆపెయ్యాలి! మా నాయన కాలం నుంచీ ఆ వీధిలో ఆడి నెలలో మా సెట్టు ఆగింది కరెంటు పోయినప్పుడే. బయటికి మాత్రం నవ్వి, కన్నియప్పన్ చెవి దగ్గరికి వంగి, "అయ్యా, మీకు తెలుసో లేదో, ఆ పెట్టెలు కోసే రంపం శవపెట్టెలు కోసే రంపమే. అమ్మవారి ముందర..." అని ఆగాను. అంతకన్నా చెప్పడం నాకు బాగుండదన్నట్టు మొహం పెట్టాను.

కన్నియప్పన్ మీసం దువ్వుకుని, అప్పుడే అటు పోతున్న అంతోనిని కేకేశాడు. ఉన్న మాట ఉన్నట్టు అడిగాడు. నేను పక్కన ఉండగానే అడిగాడు, దరిద్రుడు. అంతోని కొంచెం కూడా తడబడలేదు. "ఆమా సార్. అదే రంపం, అదే చెయ్యి. వేరే చెయ్యి నాకు లేదు" అన్నాడు.

కన్నియప్పన్ పడీపడీ నవ్వాడు. "యోవ్ జనార్దనం! మన అంగాళమ్మ కొలువుండేదే శ్మశానంలో కదయ్యా! మాసి నెలలో ఆవిడకు శ్మశానంలోనే కదా కొల్లై జాతర జరిపిస్తాం! శవపెట్టె చూసి ఆవిడ జడుసుకుంటుందా?" అన్నాడు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పుట్టింది పెరిగింది ఆ వీధిలో, ఆ అమ్మవారి సంగతే మరిచి ఆవిడ పేరు మీద చాడీ చెప్పాను. అంతోని నన్ను చూశాడు. కోపంగా కాదు. అలా చూడటమే నాకు నచ్చలేదు.

తిరునాళ్ళ ఆదివారం వచ్చింది. పొద్దున అయిదింటికే నా హారన్లు మొదలుపెట్టాను. ఆ రోజు మామూలు కన్నా ఇంకొంచెం పెంచి పెట్టాను, నిజం చెప్పాలంటే చాలా పెంచాను. మధ్యాహ్నం అంతోని తన పెట్టెలు తెచ్చి స్టేజీ పక్కన నేల మీద వరసగా పరిచాడు. చైన్ పుల్లీలు కట్టాడు. తీగలన్నీ బిగించాడు. ఇక పైకి లాగడమే తరువాయి. ఆ సమయానికి గుడి దగ్గర కూళు పోస్తున్నారని కేక వినబడింది. ఆడి నెలలో అమ్మవారి అంబలి ఎవరూ వదులుకోరు. హిందువా కిరస్తానీయా అని చూడరు, చెంబులూ బిందెలూ పట్టుకుని పేటంతా పరుగు. అంతోని మనుషులూ పరుగెత్తారు. వాడు మాత్రం పెట్టెల దగ్గర నిలబడి అటూ ఇటూ చూస్తున్నాడు.

"పోరా, తాగిరా. నేను చూసుకుంటా" అన్నాను.

"నువ్వు ఉంటే నాకు భయం ఏందన్నా!" అని కనకవల్లి ఇచ్చిన సత్తుగిన్నె తీసుకుని వెళ్ళాడు.

నేను జేబులోంచి టెస్టరు తీశాను. ప్రతి పెట్టె వెనకా రెండు మరలు, ఒకటి ఎరుపు, ఒకటి నలుపు. ఎర్ర తీగ ఎర్రదానికి, నల్ల తీగ నల్లదానికి బిగించాలి. తిప్పి బిగిస్తే సౌండు చచ్చిపోతుందని రిచ్చీ స్ట్రీటులో వందసార్లు విన్నాను. పాడైనట్టు ఎవరికీ కనబడదు, ఏదీ కాలదు, ఉత్త డొల్ల మోత వస్తుంది. మొదటి పెట్టెకు తిప్పాను. వెనక్కి తిరిగి రెండుసార్లు చూశాను. రెండోదానికి తిరిగి చూడలేదు. ఆ తర్వాత ఒక ఊపు వచ్చింది. ఒక్క పెట్టె మిగిలినా వీడు గెలుస్తాడేమోనన్న భయం. కుడి వరస ఎనిమిదీ, ఎడమ వరస ఎనిమిదీ, పదహారింటికీ తిప్పాను. చేసే పని పూర్తిగా చేయడం మా వంశంలోనే ఉంది. తీగ కొసను మడిచి, ఎడమకు మూడు చుట్లు చుట్టి, మర కిందికి దోపి బిగించడం మా నాయన నేర్పిన పద్ధతి. అలాగే శుభ్రంగా బిగించాను. అంతోని వచ్చి మూతి తుడుచుకుంటూ, "నీకూ తెచ్చినా అన్నా" అని ఇంకో గిన్నె అందించాడు. తాగాను. ఉల్లిపాయలు, పచ్చిమిరపకాయ కూడా తెచ్చాడు.

సాయంత్రం ఆరున్నరకు కచ్చేరీ. నా హారన్లు ఆపేశాను. స్టేజీకి రెండు పక్కలా ఆ రెండు వరసలు వేలాడుతున్నాయి, పత్రికలో చూసినట్టే, కింద కొంచెం వంగి. జనం తలలెత్తి చూస్తున్నారు. అంతోని మిక్సరు దగ్గర శిలువ గుర్తు వేసుకుని మీట పైకి జరిపాడు. నేను ముందు వరసలోనే నిలబడ్డాను. డొల్ల మోత వింటాను, వాడి మొహం చూస్తాను, తర్వాత నేనే వెళ్ళి నా హారన్లు వేసి అమ్మవారి పరువు కాపాడతాను. అదీ నా లెక్క.

వ్యాఖ్యాత "వణక్కం" అన్నాడు. నా పక్కన నిలబడి నా చెవిలో అన్నట్టు వినబడింది.

నేను వెనక్కి నడిచాను. యాభై అడుగులు, నూరు అడుగులు. మాట సన్నబడలేదు, ముద్ద కాలేదు. వయొలిన్ వయొలిన్‌లా, తబలా తబలాలా. మునియక్క ఇడ్లీ బండి దగ్గర నిలబడ్డాను, అక్కడా అంతే. పదహారు పెట్టెలకూ తీగలు తిప్పింది నేనే కదా, నా చేతులతోనే కదా! దేవుడు వీడి పక్షాన దిగి వచ్చాడనుకున్నాను. అమ్మవారా, ఏసా అన్నది తేలలేదు.

అసలు సంగతి నెల తర్వాత రిచ్చీ స్ట్రీటు వెంకటపతి అంగట్లో తెలిసింది. నా పేరు చెప్పకుండా, ఎవడో చేశాడని అడిగాను. ఆయన కళ్ళలో నీళ్ళు వచ్చేలా నవ్వాడు. సగం పెట్టెలకు తిప్పితే సగం ముందుకు తోస్తాయి, సగం వెనక్కి లాగుతాయి, ఒకదాని సౌండు ఒకటి తినేస్తుంది. అన్నింటికీ తిప్పితే అన్నీ కలిసే వెనక్కి లాగుతాయి, కలిసే ముందుకు తోస్తాయి. చెవికి తేడా ఏం తెలుస్తుంది? "వాడెవడో హారన్లు కట్టేవాడై ఉంటాడు. ఒక్కో హారన్ ఒక్కో దిక్కు చూస్తుంది, వాళ్ళకు ఈ గొడవే పట్టదు" అన్నాడు. ఎనిమిదితో ఆపి ఉంటే అంతోని ఆ రోజే మునిగిపోయేవాడు. నా కుళ్ళు ఎనిమిదితో ఆగలేదు.

ఆ సాయంత్రానికి వస్తాను. వినలేక ఇంటికి బయలుదేరాను. మా ఇల్లు వీధి చివర, స్టేజీకి నాలుగు వందల అడుగుల దూరం. మెట్లెక్కుతుంటే పైన మా నాయన నవ్వు వినబడింది. ఒంటరిగా కూర్చుని నవ్వుతున్నాడు. చెవులు పోయిన మనిషికి మతి కూడా పోయిందా అని మిగతా మెట్లు రెండేసి చొప్పున ఎక్కాను. వరండాలోకి వెళ్ళి చూస్తే కుర్చీలో ముందుకు వంగి, వీధి వైపు మొహం పెట్టి ఉన్నాడు. స్టేజీ మీద వ్యాఖ్యాత అత్తాకోడళ్ళ మీద జోకు చెబుతున్నాడు. జోకు ముగిసింది. మా నాయన మళ్ళీ నవ్వాడు. జనం నవ్వేటప్పుడే నవ్వాడు.

నన్ను చూసి చెయ్యి పట్టుకున్నాడు. కళ్ళు తడిగా ఉన్నాయి.

"రేయ్ జనా, ప్రతి మాటా తెలస్తా ఉండాదిరా! పాటలో పదాలు తెలస్తా ఉండాయి. ఎన్నాళ్ళయిందిరా! ఈ సెట్టు నువ్వు కట్టినావా?"

కాదని చెప్పడానికి ఒక్క మాట చాలు. ఆయనకు వినబడేలా కొంచెం గట్టిగా చెప్పాలి, అంతే.

"నేనే నైనా" అని అరిచాను.

"పాతికేండ్ల పైన కట్టినారా నేను. ఇట్టా ఒక్కనాడు కట్టలేకపోతిని" అన్నాడు. "నా కంటే మించిపోయినావు."

పదిహేనేళ్ళు ఎదురుచూసిన మాట. నోట్లో పడ్డాక అది ఎవరో నమిలి పారేసిన తమలపాకు అని తెలిసింది. అయినా ఉమ్మెయ్యలేదు. ఆయన పక్కనే నేల మీద కూర్చుని కచ్చేరీ అయ్యేదాకా ఆ మెప్పు నములుతూనే ఉన్నాను. తాయారు తలుపు దగ్గర నిలబడి అంతా విన్నది. తిట్టి ఉంటే బాగుండేది.

మర్నాడు పొద్దున్నే మా నాయన మొదలుపెట్టాడు. వరండా కమ్మి పట్టుకుని, వీధిలో పోయే ప్రతివాణ్ణీ పిలిచి చెప్పడమే. చెవిటివాళ్ళ గొంతు ఎంత పెద్దదో తెలుసు కదా. "విన్నారా, నా కొడుకు సెట్టు!" మునియక్క తలెత్తి చూసి, నన్ను చూసి, పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పాలవాడు సైకిలు ఆపి, దిగి, మళ్ళీ ఎక్కి పోయాడు. ఎవరికి తెలియదు? ఎవరైనా ఒక్కరు గొంతు చించుకుని నిజం చెబితే అయిపోయేది. నేను లోపలికి పోలేను, కిందికి దిగలేను. ఆయన పక్కన కొయ్యబొమ్మలా నిలబడ్డాను.

అప్పుడు వచ్చాడు అంతోని. పెట్టెలు దించి విప్పుతున్న చోటునుంచి నేరుగా వస్తున్నాడు. చేతిలో జానెడు తీగముక్క. ఎర్ర తీగ, కొస మడిచి, ఎడమకు మూడు చుట్లు. వాడు అంతవరకు ఎప్పుడూ నాకు చూపించని మొహం ఆ పొద్దు వేసుకుని వచ్చాడు. మా మెట్ల కింద ఆగి, తీగ పైకెత్తి చూపించాడు.

"అన్నా, కిందికి రా" అన్నాడు. గొంతు పెంచలేదు. "ఈ చుట్టు చుట్టేవాళ్ళు ఈ పట్నంలో ఇద్దరే ఉండారు. ఒకరు మెట్లు దిగలేరు."

నేను దిగలేదు. వీధిలో జనం ఆగారు. టీకొట్టు నుంచి కన్నియప్పన్ గ్లాసు పట్టుకుని బయటికి వచ్చాడు.

మా నాయనకు ఇవేవీ తెలియవు. అంతోనిని చూడగానే మొహం విప్పారింది. "రేయ్ అంతోనీ! నువ్వు కూడా ఏదో పెట్టెలు చేస్తా ఉండావంట గదా! నిన్న సాయంకాలం విన్నావా నా కొడుకు సెట్టు? ఈ చెవిటోడికే మాటలు తెలిసినాయిరా! పో, వాడి కాడ నేర్చుకో!"

అంతోని ఆయన్ని చూశాడు. తర్వాత నన్ను చూశాడు. నేను తల అడ్డంగా ఊపానో, నిలువుగా ఊపానో, చేతులు జోడించానో నాకు తెలియదు. తాయారు జోడించారనే చెబుతుంది. మా నాయన చెవి వెనక చెయ్యి పెట్టుకుని జవాబు కోసం ముందుకు వంగాడు.

"ఏందిరా? వినపళ్ళా?"

అంతోని తీగముక్క జేబులో వేసుకున్నాడు. రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టుకున్నాడు. మా నాయనకు వినబడాలంటే ఎంత గట్టిగా అరవాలో అంత గట్టిగా అరిచాడు.

"ఆమా పెద్దాయనా! విన్నాను! అట్టాంటి సెట్టు ఈ పట్నంలో ఇంకెవరూ కట్టలేరు! మీ కొడుకు కాడే నేర్చుకోవాల!"

వీధి ఆ చివరి నుంచి ఈ చివరి వరకూ అందరూ విన్నారు. నిజం తెలిసిన ప్రతివాడూ విన్నాడు. కన్నియప్పన్ తల దించుకుని టీ తాగాడు. మా నాయన "అట్ట చెప్పు!" అని నా భుజం మీద చెయ్యి వేసి గట్టిగా నొక్కాడు. అంతోని వెనుదిరిగి తన పెట్టెలు బండికి ఎక్కించుకోవడానికి పోయాడు.

మా నాయన ఆ తర్వాత మూడేళ్ళు బతికాడు, ఆ మాట నమ్మే పోయాడు. నేను అంతోని పెట్టెల కొలతలు దొంగచాటుగా తీసుకుని అలాంటివి చేయించుకున్నాను, వాటితోనే ఇప్పుడు బతుకుతున్నాను. పెట్టెల మీద కుళ్ళు ఎప్పుడో పోయింది. కానీ తన చేతులతో చేసుకున్నదాన్ని, తన తీగలు తిప్పినవాడి పేరున, వీధి నడుమ నిలబడి అరిచి ఇచ్చేశాడే, అంత మనసు వాడికి ఉండి నాకు లేకపోయిందే అని ఇప్పటికీ ఏడుస్తాను.